మా వంటింటి పొయ్యి డైరీ: తుఫాను నుంచి సంక్రాంతి దాకా

నవంబరు 5, 2025

మొంథా తుఫాను వెళ్ళి వారం దాటింది. వంటింటి పెంకులు సగం లేచిపోయాయి, వాసాలు నాని ఉబ్బాయి. ఇక పెంకులు సర్దించవద్దని, శ్లాబు వేయించి వంటిల్లు మొత్తం కొత్తగా కట్టిద్దామని మామయ్యగారు తేల్చారు. సంక్రాంతి అరిసెలు కొత్త వంటింట్లోనే వండాలన్నది అత్తయ్య కోరిక. పొయ్యి ఎంపిక బాధ్యత నాకు అప్పగించారు. అందుకే ఈ డైరీ.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. తుఫాను తర్వాత నాలుగు రోజులు కరెంటు లేదు. ఇండక్షన్ పొయ్యి అలమరలోనే ఉండిపోయింది. రెండు బర్నర్ల పాత గ్యాస్ పొయ్యి మీదే మాకు అన్నం ఉడికింది, పక్కింటి పసిబిడ్డకు పాలు కాగాయి. కాబట్టి ఒక విషయంలో నాకు సందేహం లేదు: ఈ ఇంట్లో మొదటి పొయ్యి గ్యాస్‌దే కావాలి. మిగిలినదంతా ఇంకా తేలాలి. గట్టు రాయిని కోసి అందులో దించే హాబ్ తీసుకోవాలా, మామూలుగా గట్టు మీద పెట్టుకునే పొయ్యి చాలా? పైన గాజా, స్టీలా? పక్కన కరెంటు పొయ్యికి చోటు ఉంచాలా?

నాకైతే హాబ్ మీద మనసుంది. పొంగినప్పుడల్లా పొయ్యి ఎత్తి కింద తుడిచే పని పదహారేళ్ళుగా చేస్తున్నాను.

నవంబరు 9

దుకాణానికి వెళ్ళే ముందు గిన్నెలను పరీక్షించాను. ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి ప్రతి పాత్ర అడుగున పెట్టి చూశాను. మేము తరచుగా వాడేవి 31. అయస్కాంతం గట్టిగా పట్టుకున్నవి 9 మాత్రమే.

అల్యూమినియం కుక్కర్లు రెండూ పట్టలేదు. ఇత్తడి గంగాళం, పప్పుచారు కాచే రాచ్చిప్ప, చేపల పులుసు పెట్టే మట్టి దాక సరేసరి. స్టీలు గిన్నెల్లోనూ చాలావాటికి అంటుకోలేదు. ఇండక్షన్ పొయ్యి గాజు కింద ఉన్న తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం వల్ల గిన్నె అడుగులోనే వేడి పుడుతుంది. పొయ్యి తనకు తాను మంట పెట్టదు. ఇనుము, లేదా అయస్కాంతాన్ని పట్టే రకం స్టీలు అడుగున ఉంటేనే అది పనిచేస్తుంది. ఇనుప పెనం పనికొస్తుంది. బూరెల మూకుడు ఇనుపదే అయినా దాని అడుగు గుండ్రం, చదునైన గాజు మీద నాణెమంత చోటే ఆనుతుంది.

అత్తయ్య ఇదంతా పక్కన కూర్చుని చూశారు. "నా దాక పనికిరాదంటే ఆ పొయ్యి నాకు వద్దమ్మా" అన్నారు. నాకూ అదే న్యాయంగా తోచింది. ఇంట్లో ఉన్న పాత్రలకు, వండే వంటకు తగిన పొయ్యి తీసుకోవాలి. పొయ్యి కోసం రాచ్చిప్పను అటక ఎక్కించడం నాకు ఇష్టం లేదు.

నవంబరు 16

కార్తీకమాసం ఆఖరి ఆదివారం. లంకలో ఉన్న మా పిన్ని వాళ్ళ తోటలో వనభోజనాలు. పనసపొట్టు కూర ఇటుకల పొయ్యి మీదే వండారు. ఆవపెట్టిన వాసన తోటంతా నిండింది.

హాబ్ గురించి చెబితే పిన్ని ఒకటే ప్రశ్న అడిగింది. "వరద వస్తే ఎలా తీస్తావు?" 2022 జులై వరదలో వాళ్ళు పొయ్యి, సిలిండరు డాబా మీదికి చేర్చుకుని మూడు రోజులు అక్కడే వండుకున్నారు. రాయిలో దించి, కింద గొట్టం బిగించిన హాబ్‌ను నీళ్ళు గుమ్మంలోకి వచ్చే వేళ ఎవరూ ఊడదీయలేరు.

దుకాణాల్లో ఎవరూ అడగని ప్రశ్న ఇది. గోదావరి పాయల మధ్య లంకల్లో, ఏటిగట్టుకు అవతల ఉన్న ఇళ్ళలో, కదిలే పొయ్యే మంచి పొయ్యి. ఈ మాట నేను గట్టిగా చెబుతాను. అక్కడ ఎంత డబ్బున్నవారైనా గట్టు మీద పెట్టుకునే రకమే తీసుకోవాలి. మా ఇల్లు ఏటిగట్టుకు లోపల, మెరక మీద ఉంది. 2022లోనూ నీరు రాలేదు. కాబట్టి హాబ్ ఆలోచన మానలేదు గానీ, పాత పొయ్యిని అమ్మకూడదని మాత్రం ఆ రోజే అనుకున్నాను.

నవంబరు 20

పది రోజులుగా సిలిండరు తూస్తున్నాను. కొబ్బరికాయల బస్తాలు తూచే కాటా మామయ్యగారిది ఉంది. 10వ తేదీ ఉదయానికీ ఇవాళ ఉదయానికీ తేడా 3.1 కిలోలు. అంటే మా ఆరుగురికి రోజుకు దాదాపు 310 గ్రాములు. 14.2 కిలోల సిలిండరు 45 రోజులు వస్తోంది.

ఇప్పుడు కరెంటుతో పోల్చి చూద్దాం. కిలో ఎల్పీజీలో సుమారు 12.8 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఉంటుంది. అంటే ఒక సిలిండరులో 180 యూనిట్ల పైచిలుకు. గ్యాస్ పొయ్యిల ప్రమాణం ఐ.ఎస్. 4246 ప్రకారం ఆ వేడిలో కనీసం 68 శాతం గిన్నెకు చేరాలి. అంటే దాదాపు 124 యూనిట్లు. ఇండక్షన్‌లో 85 శాతం దాకా గిన్నెకు చేరుతుంది కాబట్టి, ఒక సిలిండరు వంటకు దాదాపు 145 యూనిట్ల కరెంటు కావాలి. ప్రయోగశాలలో వచ్చే 68 శాతం మన వంటింట్లో, గాలికి ఊగే మంటతో, రాదు. అందుకని అసలు లెక్క ఇంకొంచెం తక్కువే ఉండవచ్చు.

మా ఇంటికైతే నెలకు 95 యూనిట్లు అదనం. కరెంటు బిల్లు శ్లాబుల ప్రకారం పెరుగుతుంది కాబట్టి, ఈ 95 యూనిట్లు మీ బిల్లులో ఏ శ్లాబులో పడతాయో చూసి గుణించాలి. సగటు ధరతో గుణిస్తే లెక్క తప్పుతుంది. మేము ఇప్పటికే పై శ్లాబులో ఉన్నాం. వంటంతా కరెంటు మీదికి మార్చడం మాకు లాభం కాదు. పొద్దున్న పాలు, కాఫీ నీళ్ళు, రాత్రి చారు వెచ్చబెట్టడం వరకు ఇండక్షన్ బాగుంటుంది. రెండు లీటర్ల నీళ్ళు పాత పొయ్యి పెద్ద బర్నర్ మీద ఎనిమిదిన్నర నిమిషాలకు మరిగాయి. ఇండక్షన్ మీద ఆరు నిమిషాల లోపే.

నవంబరు 24

అమలాపురంలో రెండు దుకాణాలు, మరునాడు రాజమహేంద్రవరంలో ఒకటి తిరిగాను. అన్నిచోట్లా ముందు వరుసలో నల్ల గాజు హాబ్‌లే మెరుస్తున్నాయి. నాలుగు బర్నర్లు, 90 సెంటీమీటర్ల వెడల్పు. చూస్తే ఎవరికైనా కొనాలనిపిస్తుంది.

నాలుగు బర్నర్లు మాకు అవసరమా అని ఇంట్లో గమనించిందే గుర్తు చేసుకున్నాను. పండగ రోజున తప్ప మూడు గిన్నెలు ఒకేసారి మంట మీద ఉండవు. 60 సెంటీమీటర్ల హాబ్‌లో నాలుగు బర్నర్లు ఇరికిస్తే మా గంగాళం పక్కన టీ గిన్నె కూడా పట్టదు. బర్నర్లు ఎన్ని అనే దానికన్నా, రెండు బర్నర్ల నడిమధ్యల మధ్య ఎంత దూరం ఉందో కొలవడం ముఖ్యం. నేను టేపు తీసుకెళ్ళాను. మీరు మీ ఇంట్లో అతి పెద్ద రెండు పాత్రల అడ్డుకొలతలు రాసుకుని వెళ్ళండి.

గాజు సంగతి. గ్యాస్ పొయ్యిల మీద వాడేది గట్టిపరచిన గాజు. మామూలు వేడిని తట్టుకుంటుంది, పగిలితే చిన్న చిన్న ముక్కలవుతుంది. అంచుకు దెబ్బ తగిలినా, కాలిన మూకుడు నేరుగా గాజు మీద దించినా ప్రమాదం. అత్తయ్యకు మూకుడు దించి పక్కనే పెట్టే అలవాటు ఉంది. డెబ్బై ఏళ్ళ చేతి అలవాటును మార్చమని అడగడం కంటే స్టీలు పలక తీసుకోవడం తేలిక.

స్టీలులో 304 రకం అడిగాను. మా గాలిలో ఉప్పు ఉంది. కిటికీ ఇనుప ఊచలకు ఏడాదికోసారి రంగు వేయకపోతే పొరలు పొరలుగా రాలుతాయి. ఒక దుకాణంలో "అయస్కాంతం అంటుకోదు చూడండి మేడమ్, ఇది 304" అని చూపించారు. అది రుజువు కాదు. చవకైన 202 రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు. బిల్లు మీద 304 అని రాయించుకోవడమే మార్గం. బర్నర్లు నిండు ఇత్తడివి కావాలన్నాను. పాత పొయ్యిలో అల్యూమినియం బర్నరు తెల్లటి పొడి కట్టి గుంటలు పడింది.

ఇంకొకటి: వెలిగించే నిప్పురవ్వ దేనితో వస్తుంది? చాలా హాబ్‌లకు కరెంటు ప్లగ్గు ఉంది, కొన్నింటికి చిన్న బ్యాటరీ. కరెంటు లేకపోయినా అగ్గిపుల్లతో వెలిగించవచ్చు గానీ, తుఫాను రాత్రి తడి అగ్గిపెట్టెతో నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. బ్యాటరీదే.

నవంబరు 27

కాకినాడలో మా ఆడపడుచు ఇంటికి గొట్టం గ్యాస్ ఉంది. "మన వీధికి ఎప్పుడైనా వస్తే ఇదే హాబ్ పనికొస్తుందా వదినా?" అని తను ఫోనులో అడిగింది. గొట్టంలో వచ్చేది ప్రధానంగా మీథేన్. ఎల్పీజీ కంటే ఘనపుటడుగుకు తక్కువ వేడి ఇస్తుంది, పీడనమూ తక్కువ. అందుకని బర్నరు కింద ఉండే జెట్ రంధ్రం పెద్దది కావాలి. ఎల్పీజీ జెట్‌తో మంట చిన్నబోతుంది. గొట్టం గ్యాస్ జెట్‌తో ఎల్పీజీ వాడితే మంట భయంకరంగా ఎగుస్తుంది. రెండో రకం జెట్లు అదే కంపెనీ ఇస్తుందో లేదో కొనేటప్పుడే అడగాలి. అడిగాను, ఇస్తామని బిల్లు మీద రాశారు.

గ్యాస్ విషయంలో మా ఇంట్లో జాగ్రత్త కాస్త ఎక్కువే. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. రాత్రుళ్ళు ఆకాశం ఎర్రగా ఉండేదని అత్తయ్య ఇప్పటికీ చెబుతారు. 2014 జూన్‌లో నగరం అనే గ్రామంలో గ్యాస్ గొట్టం పేలి నిద్రలో ఉన్నవారు కాలిపోయిన ఉదయం నేను మరచిపోలేదు. మా వాళ్ళు రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు కట్టారా అని రెండుసార్లు చూస్తారు. అది చాదస్తం కాదు.

అందుకే జ్వాల ఆరితే గ్యాస్ దానంతట అదే ఆగే ఏర్పాటు ఉన్న హాబే తీసుకున్నాను. ధర ఎక్కువ. మావారు వెనకాడారు. నేను పట్టుబట్టాను. మా వంటిల్లు ఆగ్నేయ మూల ఉంది, సాయంత్రం సముద్రపు గాలి సరిగ్గా ఆ వైపు నుంచే కొడుతుంది. పాత పొయ్యి మీద సన్నమంట ఎన్నిసార్లు ఆరిపోయిందో లెక్క లేదు. ఎల్పీజీ గాలి కంటే బరువు, నేలమీద పరుచుకుంటుంది. వాసన ముక్కుకు చేరేసరికి చాలా గ్యాస్ చేరి ఉండవచ్చు. ఈ ఏర్పాటులో బర్నరు పక్కన ఒక చిన్న మొన ఉంటుంది, థర్మోకపుల్ అంటారు. మంట దాన్ని వేడిచేస్తే కొద్దిపాటి విద్యుత్తు పుట్టి కవాటాన్ని తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరితే మొన చల్లారి కవాటం మూసుకుంటుంది. దీనికి బయటి కరెంటుతో పనిలేదు.

ఒక్క ఇబ్బంది: వెలిగించాక నాబ్‌ను మూడు నాలుగు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. అత్తయ్యకు వేళ్ళ కీళ్ళ నొప్పులు. అందుకే ఆవిడను దుకాణానికి తీసుకెళ్ళి మూడు రకాల నాబ్‌లు నొక్కించాను. తేలికగా నొక్కుడుపడే నాబ్ ఉన్నదాన్నే కొన్నాం. మూడు బర్నర్లు, 75 సెంటీమీటర్లు, స్టీలు పలక.

డిసెంబరు 6

సెంట్రింగ్ విప్పారు. గట్టు ఎత్తు నిర్ణయించే రోజు. పాత గట్టు 31 అంగుళాలు, దాని మీద పొయ్యి 5 అంగుళాలు. అత్తయ్య నాలుగు అడుగుల పదకొండు అంగుళాల మనిషి. మూకుడులో గరిటె తిప్పాలంటే భుజం ఎత్తాల్సి వచ్చేది. ఇన్నేళ్ళూ ఎవరూ అది గమనించలేదు, నేను కూడా. హాబ్ కమ్మీలు రాయి మీదికి రెండంగుళాలే లేస్తాయి. గట్టు 32 అంగుళాలు పెట్టినా గిన్నె అడుగు 34 దగ్గర ఉంటుంది. అట్టముక్కలు పేర్చి, మీద మూకుడు పెట్టి, ఆవిడ చేత గరిటె తిప్పించి చూశాం. "ఇప్పుడు చెయ్యి హాయిగా ఉంది" అన్నారు. నేను కాస్త వంగాలి, పరవాలేదు.

మేస్త్రిగారు కిటికీ కిందే హాబ్ పెట్టమన్నారు, వెలుతురు బాగుంటుందని. "గాలి నేరుగా మంట మీదికి కొడుతుంది మేస్త్రిగారూ" అని ఒప్పించి మూడడుగులు పక్కకు జరిపించాను. తూర్పుముఖంగా నిలబడి వండడానికి ఇబ్బంది లేదు కాబట్టి మామయ్యగారూ ఒప్పుకున్నారు.

డిసెంబరు 11

ఇవాళ రాయి పగిలింది.

గ్రానైట్ కోసే అతను హాబ్‌ను రాయి మీద బోర్లించి చుట్టూ గీత గీశాడు. ఆ గీత మీద కోస్తే హాబ్ మొత్తం లోపలికి పడిపోతుంది. పై పలక 75×52 సెంటీమీటర్లు, కోయవలసిన రంధ్రం 70×48. ఆ కొలత డబ్బా మీద ఉండదు, లోపలి కాగితంలో ఉంటుంది. సమయానికి చూసి ఆపగలిగాను. కానీ రెండో తప్పు నాకు తెలియలేదు. రంధ్రం మూలలు నిలువుగా, పదునుగా కోశాడు. రాయిని ఎత్తి గట్టు మీదికి దించుతుంటే ఎడమ ముందు మూల నుంచి అంచు దాకా చీలిక వచ్చింది. ముందు వైపు మిగిలేది ఆరున్నర సెంటీమీటర్ల పట్టీ మాత్రమే. బరువంతా అక్కడే పడింది.

చాలా బాధ వేసింది. రాయి డబ్బు ఇద్దరం సగం సగం భరించాం.

డిసెంబరు 15

కొత్త రాయి. ఈసారి నాలుగు మూలల్లో ముందు గుండ్రంగా రంధ్రాలు వేసి, వాటిని కలుపుతూ కోశారు. మూల గుండ్రంగా ఉంటే ఒత్తిడి ఒకచోట పోగుపడదు. రాయిని ముందే గట్టు మీద పరిచి, కింద ఆధారాలు పెట్టి అక్కడే కోయించాను. ముందు పట్టీ కింద స్టీలు పట్టా అతికించారు. చీలిక లేదు.

డిసెంబరు 20

ఇండక్షన్ కోసం హాబ్‌కు దూరంగా, గట్టు రెండో చివర 16 ఆంపియర్ల సాకెట్, మీటరు దగ్గర నుంచి విడిగా లాగిన వైరు, ఎర్తింగు. 2,000 వాట్ల పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే ప్లగ్గు కాలుతుంది. రాయిలో దించే నాలుగు చుట్ల ఇండక్షన్ హాబ్ పెట్టాలనుకునేవారు మాత్రం ముందు మీ కనెక్షన్ లోడు ఎన్ని కిలోవాట్లో బిల్లులో చూసుకోవాలి. అలాంటివి 7 కిలోవాట్ల దాకా అడుగుతాయి.

సిలిండరు బయట వసారాలో, అడుగెత్తు దిమ్మ మీద, జాలీ తలుపుల గూటిలో పెట్టించాం. లోపలికి రాగి గొట్టం, అనుభవం ఉన్న పనివారితో. రబ్బరు ట్యూబును గోడలోంచి దూర్చకూడదు. హాబ్ దగ్గర కొద్ది దూరం మాత్రం నారింజరంగు సురక్షా ట్యూబు. దాని మీద ముద్రించిన సంవత్సరం చూసి, అయిదేళ్ళ తర్వాత మార్చాల్సిన తేదీ గూటి తలుపు లోపల రాశాను. పక్కనే లీకేజీ ఫిర్యాదు నంబరు 1906. హాబ్ కింది అలమరకు నేల దగ్గర గాలి కంతలు పెట్టించాను.

డిసెంబరు 28

బిగింపు అయింది. ప్రతి అతుకు దగ్గర సబ్బునీళ్ళు రాసి బుడగల కోసం చూశాం. రెగ్యులేటరు దగ్గర ఒకచోట వచ్చింది, వాషరు మార్చారు. మళ్ళీ రాస్తే రాలేదు.

సంప్రదాయం ప్రకారం మొదట పాలు పొంగించాం. పొంగిన పాలు బర్నరులోకి, థర్మోకపుల్ మీదికి కారాయి. మంట ఆరింది, కొన్ని సెకన్లలో టక్‌మని శబ్దం వచ్చి గ్యాస్ ఆగింది. పూజ మధ్యలోనే ఆ పరీక్ష కూడా జరిగిపోయింది. చల్లారాక మొనను తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ మామూలుగా వెలిగింది. గంజి, పాలు దాని మీద ఎండి పేరుకుంటే నాబ్ ఎంత నొక్కినా మంట నిలవదు. వారానికోసారి తుడవడం పెట్టుకున్నాను.

జనవరి 10, 2026

అరిసెల రోజు. పెద్ద బర్నరు మీద పాకం, మధ్య బర్నరు మీద మూకుడు. గుండ్రటి అడుగు కమ్మీల మీద మొదట కొంచెం ఊగింది. పొద్దున్నే కమ్మరి వీధిలో చేయించిన ఇనుప వలయం వేస్తే కదలకుండా నిలబడింది. నాలుగు లీటర్ల నూనె బరువుకు కమ్మీలు వంగలేదు. ముందు పట్టీ దగ్గర రాయిని రెండుసార్లు వేలితో తడిమి చూశాను.

అత్తయ్య వరసగా రెండు గంటలు నిలబడి వండారు. మధ్యలో భుజం పట్టుకోలేదు. మొదటి వాయి తీసి, నువ్వులు అద్దిన అరిసెను చెక్కల మధ్య నొక్కుతూ, "దాక ఎక్కడ పెట్టావు? రేపు పులుసు దీని మీదే" అన్నారు.

మిగిలిన పనులు: హాబ్ చుట్టూ సిలికాన్ పట్టీ ఒక మూల లేచింది, మళ్ళీ వేయించాలి. పాత పొయ్యికి జెట్లు శుభ్రం చేయించి, కొత్త ట్యూబుతో కట్టి పిన్నికి పంపాలి. వాళ్ళ పొయ్యిలో ఒక బర్నరు పనిచేయడం లేదు, వర్షాకాలంలోపు చేరాలి.